మా రోలు, మూడు గంటల అద్దెకు

రెండేళ్ల కిందట మేం అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మారాం. మెట్రోలో ఒక్క స్టేషను. ఎక్కి, పట్టుకోవడానికి పిడి దొరికేలోపే దిగిపోవాల్సినంత దూరం. అయినా పద్దెనిమిదేళ్లు ఒకే అద్దింట్లో ఉన్న మాకు ఆ ఒక్క స్టేషను దాటడానికి నెలన్నర పట్టింది. అడ్డుపడింది సామాన్లు. కొత్త ఫ్లాట్లో గోడలన్నీ అలమరలే. వాటిని గీసిచ్చిన ఇంటీరియర్ అమ్మాయి మా పాత ఇల్లంతా ఒకసారి కలియజూసి, "మేడం, వీటిల్లో ఏవి వస్తున్నాయి?" అని అడిగింది. మా ఆయన్ని కూడా అందులో కలిపే అడిగిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

అమ్మడం తేలికే అనుకున్నాం. అమీర్‌పేటలో కోచింగుల కోసం వచ్చే పిల్లలకు సందుకో హాస్టలు ఉంటుంది కాబట్టి మంచాలకు ఎప్పుడూ గిరాకీయే. మా వెనక సందు హాస్టలాయన వచ్చి మూడు మంచాలూ ఒక్క చూపులో తీసేసుకున్నాడు. "ఇది మా పెళ్లికి చేయించిన టేకు మంచమండీ, చాలా మంచిది" అన్నాను బెంగగా. "మంచిదో చెడ్డదో మాకెందుకు మేడం, గోడకు ఆనుతదా లేదా, గంతే" అన్నాడాయన టేపు చాపుతూ. కూలరు, డైనింగ్ టేబులు, టీపాయి ఫోటోలు తీసి ఫోన్లో అమ్మకానికి పెట్టాం. మా ఆయన వాటి కింద నిజాయితీగా "బాగా వాడినవి" అని రాస్తే ఒక్కరూ రాలేదు. నేను "బాగా వాడుకోవచ్చు" అని మార్చాక వచ్చారు.

చివరికి రోలొక్కటి మిగిలింది.

మా అమ్మ రోలు అది. నా పెళ్లయ్యాక తెనాలి నుంచి బియ్యం బస్తాల మధ్య లారీలో వచ్చింది. దించేటప్పుడు అంచున అరచేయంత చెక్క లేచిపోతే, మా నాన్న సిమెంటు కలిపి మెత్తాడు. ఆయన ఇంజనీరు కాదు. ఆ అతుకు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. చట్నీలకు దాన్ని వాడింది తక్కువే. కానీ మా సందులో ఏ ఇంట పెళ్లి కుదిరినా పసుపు దంచడానికి మా రోలే వెళ్లేది. ముహూర్తానికి ముందు రోలుకీ రోకలికీ పసుపు కొమ్ము కట్టి, అయిదుగురు ముత్తైదువలు పోటు వేస్తేనే కదా పెళ్లి పనులు మొదలయ్యేది. మిక్సీలో వేసి తిప్పితే పసుపొస్తుంది గానీ పెళ్లి రాదు.

రోలు విషయంలో మా అమ్మ గట్టిగా ఉండేది. అమ్మకూడదు, పారేయకూడదు, కాలు తగలనివ్వకూడదు. ఇవ్వొచ్చు. అదీ పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలంతో ఒక ముత్తైదువ చేతికి ఇవ్వాలి. చేతికి అనేది మాటవరసకే. దాన్ని కదల్చడానికి ఇద్దరు మగాళ్లు కావాలి.

ఎవరికివ్వాలో నేను ఆలోచించనక్కర్లేకపోయింది. కింది అంతస్తులో దోసెల పిండి రుబ్బి హాస్టళ్లకు ప్యాకెట్లు వేసే ఆవిడ ఉంది. భర్తకు సనత్‌నగర్‌లో లేతు మిషను మీద పని. నేను ఆమెను వదినా అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. ఆ లెక్కన మేం ఏమవుతామో తేల్చుకోకుండానే పదిహేనేళ్లు గడిచాయి. నా జ్వరాలకు ఆమె జావ కాచింది, ఆమె కూతురికి నేను లెక్కలు చెప్పాను. మా ఇంట్లోంచి ఏది బయటికి వెళ్లినా మొదట ఆమె గుమ్మం ముందే ఆగేది. మా అమ్మాయి యూనిఫాంలు, కర్టెన్లు, మిక్సీ, పాత టీవీ.

"వదినా, నీకు మహాలక్ష్మిని ఇస్తున్నాను" అన్నాను ఆ రోజు.

"గింత బరువున్నదేంది అక్కా మహాలక్ష్మి!" అని నవ్వింది.

"నీ ఇంట్లో ఉంటే నా ఇంట్లో ఉన్నట్టే. సందులో ఎవరడిగినా ఇవ్వు. మా పిల్ల పెళ్లికి మాత్రం నేనే వచ్చి తీసుకెళ్తాను. మొదటి పోటు నువ్వే వేయాలి."

"సరే అక్కా" అంది. మామూలు సరేనే. నేను దాన్ని ప్రమాణంలా విన్నాను.

ఈ ఏడు మా అమ్మాయి పెళ్లి కుదిరింది. పిల్ల మండపం గురించి, ఫోటోల గురించి మాట్లాడుతుంటే నేను ఫోనందుకుని వదినకు చేశాను. నాకు ఈ పెళ్లిలో కావాలనిపించింది అదొక్కటే: మా అమ్మ రోట్లో నా కూతురి పసుపు దంచడం. మిగతా పెళ్లంతా ఎలా జరిగినా సరే, ఎలాగూ నన్నెవరూ అడగడం లేదు.

"రోలా? ఇంట్లనే ఉన్నది అక్కా, యాడికి పోతది?" అంది వదిన.

వారం తర్వాత అడిగితే ఆటో దొరకలేదంది. ఇంకో వారానికి, "మా ఆయనకు నడుము పట్టింది, జర రెండు దినాలు ఆగు" అంది. మనుషుల్ని పంపిస్తానన్నాను. "వద్దొద్దు, నేనే పంపిస్త" అంది కంగారుగా. పాపం, నాకు శ్రమ లేకుండా చూస్తోందనుకుని మురిసిపోయాను. మోసపోవడంలో నాకు మొదట్నుంచీ మంచి ప్రావీణ్యం ఉంది.

ఆ మధ్యాహ్నం అమ్మాయి ఫోను తెచ్చి చూపించింది. పెళ్లి అలంకరణల వాళ్లు పసుపు ఫంక్షనుకు సంప్రదాయ సెట్టు ఫోటోలు పంపారు. ఇత్తడి బిందెలు, చేటలు, తిరగలి, మధ్యలో ఒక రోలు. తెల్ల రంగు వేసి ఎర్ర చుక్కలు పెట్టారు. "ఇది బాగుంది కదమ్మా, దీన్నే అద్దెకు తీసుకుందాం. ఆంటీ పంపేలా లేదు" అంది.

నేను ఫోటో పెద్దది చేశాను. రాయి మీద రంగు నున్నగా పట్టింది. అంచున అరచేయంత మేర మాత్రం పెచ్చులూడి, బూడిద రంగు సిమెంటు కనిపిస్తోంది. మా నాన్న చేతిపని అంత దూరం నుంచీ గుర్తుపట్టేట్టే ఉంది.

వాళ్లకు ఫోన్ చేసి ఆ రోలు ఎక్కడిదని అడిగాను. "అమీర్‌పేటలో దోసెపిండి ఆంటీ ఒకామె అమ్మింది మేడం, రెండేళ్లయితుంది" అన్నాడు మేనేజరు. అంటే మేం ఇల్లు దాటిన వెంటనే. మొదటి పోటు ఆమెదే అయింది. రోట్లో కాదు.

మెట్రో ఎక్కి వెళ్లాను. ఒక్క స్టేషనే కదా, వదినను ఏమేం అనాలో సగం కూడా సిద్ధం చేసుకోలేకపోయాను. ఆమె నన్ను చూడగానే పిండి అంటిన చేతులు కడుక్కుంది. తెలిసిపోయినట్టుంది.

"అమ్మిన అక్కా" అంది, నేను అడక్కముందే.

"మరి ఇంట్లోనే ఉందని ఎందుకన్నావు?"

"ఏం చెప్పాలె నీకు? నోరు రాలే."

"నేను నీకిచ్చింది అమ్ముకోవడానికా వదినా?"

ఆమె కడుక్కున్న చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అంది. "నువ్వు నాకు ఇయ్యలే అక్కా. నా మీద పెట్టినవ్. నీ కొత్తింటి బాల్కనీల జాగా లేకపాయె, మరి నా ఒక్క అర్రల ఉన్నదా? గీ గ్రైండర్లు, గీ బకెట్లు, మేం నలుగురం. రోలు లోపటికొస్తే నా బిడ్డ మంచం బయటికి పోయింది."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఎట్ల చెప్పాలె? పసుపు, కుంకుమ పెట్టి తెస్తివి. గట్ల తెచ్చినంక వద్దంటరా ఎవరన్న? నువ్విచ్చిన మిక్సీ నెలకే కాలింది. టీవీల బొమ్మ రాలే, మాటలే వచ్చినయ్. ఎన్నడన్న చెప్పిన్నా నీకు? పండుగలకు నువ్విచ్చే జాకెట్ ముక్కలు సుత, ఎవరో నీకు పెట్టినవే. మడతలు చూస్తె తెల్వదా?"

టీవీలో బొమ్మ రాదని నాకు తెలుసు. ఇచ్చేటప్పుడు "కొంచెం చూపిస్తే బాగవుతుంది" అన్నాను. ఎవరు చూపించాలో చెప్పలేదు. జాకెట్ ముక్కల విషయంలో ఆంధ్రదేశంలో ఏ ఆడదీ నా మీద రాయి వేయలేదు గానీ, ఆ గదిలో నిలబడి ఆ సమర్థింపు చేసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

అయినా నాకు కోపం తగ్గలేదు. తప్పు నాదీ ఉందని తెలిస్తే కోపం సగమవుతుందంటారు, నాకు రెట్టింపయింది. "పదిహేనేళ్లూ నా గురించి ఇదే అనుకుంటున్నావా?" అన్నాను.

"ఎప్పుడూ అనుకోలే. రోలొచ్చినంకనే" అంది. అలవాటు కొద్దీ ఒక పిండి ప్యాకెట్టు తీసి నా సంచిలో పెట్టబోయింది. వద్దన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట నా నోటికి. అదే మాట ఆమెకు పదిహేనేళ్లూ రాలేదు.

తిరిగి వస్తూ, పంజాగుట్ట ఫ్లైఓవరు పక్కన రెండో అంతస్తులో ఉన్న ఆ అలంకరణల వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. రోలు మాదని, తిరిగి కొనుక్కుంటానని చెప్పాను. మేనేజరు బేరమైనా ఆడలేదు. "తీస్కోండి మేడం, ఇంకా నాలుగున్నయ్ మా దగ్గర. దీన్ని మోయలేక మావోళ్లు నన్ను తిడుతున్నరు. ఇప్పుడే పంపించమంటారా? ఎక్కడ దించాలె?"

ఎక్కడ? బాల్కనీకి అద్దాలు బిగించి వాషింగ్ మెషీను పెట్టాం. వంటింట్లో ఒక సొరుగు పూర్తిగా తెరిస్తే రెండోది తెరుచుకోదు. హాల్లో సోఫాకూ టీవీకీ మధ్య నడవడానికి మా ఆయన పక్కకు తిరగాలి. మేనేజరు పెన్ను పట్టుకుని అడ్రసు కోసం చూస్తున్నాడు. నేను మనసులో ఇల్లంతా రెండుసార్లు తిరిగొచ్చాను. ఒక గది ఉన్న మనిషి ఇంటికి దాన్ని దొర్లించేటప్పుడు నేను ఇంత తిరగలేదు.

"వద్దులెండి. పసుపు రోజుకు పంపండి చాలు" అన్నాను. మూడు గంటల అద్దె రాసుకున్నాడు.

ఆ రోజు పొద్దున ఇద్దరు మనుషులు రోలును లిఫ్టులో తెచ్చి, హాల్లో ప్లాస్టిక్ పట్టా పరిచి దాని మీద నిలబెట్టారు. "అసలు పసుపు కొమ్ములు వేయొద్దు మేడం, రంగు పాడైతది. డమ్మీవి ఉన్నయ్" అని ప్లాస్టిక్ కొమ్ముల సంచి చేతికిచ్చారు. వాళ్లు కిందికి వెళ్లగానే ఆ సంచి సోఫా కింద పడేసి, రోట్లో అసలు కొమ్ములే పోశాను. అయిదుగురు ముత్తైదువలు కావాలి. మా ఆడపడుచు, ఇద్దరు పక్క ఫ్లాట్ల వాళ్లు, వియ్యపురాలు, ఆవిడ అక్కగారు. లెక్క సరిపోయింది.

పోట్లు మొదలయ్యాయి. అమ్మాయి నవ్వుతోంది, ఫోటోగ్రాఫరు నేల మీద పడుకుని మరీ తీస్తున్నాడు. వియ్యపురాలి అక్కగారు రోకలి దించి, అంచు మీద చేయి వేసి తడిమింది. "రాయి ఎంత బాగుందండీ! పాతకాలపు రోలు. మీ పుట్టింటిదా?"

అవునండీ అని నోటిదాకా వచ్చింది. తర్వాత అడిగే ప్రశ్నలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"లేదండీ, అద్దెది" అన్నాను.

గడువు అయ్యేసరికి ఆ ఇద్దరూ వచ్చేశారు. లోపల పసుపు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోలు లిఫ్టులోకి వెళ్లి తలుపు మూసుకున్నాక ఫోను తీశాను. పొద్దున ఆరింటికే వదిన మెసేజి పెట్టింది. "అక్కా, ఇయ్యాల నేను రావాల్నా?" నేను చూసినట్టు అక్కడ ఆమెకు కనిపిస్తూనే ఉంటుంది, పొద్దున్నుంచి నాలుగుసార్లు చూశాను మరి.

"పెళ్లికి రా" అని రాసి పంపాను.