పాదం మీద చెయ్యి

పోయిన నెల ఒక గురువారం మధ్యాహ్నం నా భార్య చనిపోయింది. ఆ పొద్దున జొన్నరొట్టెలు తట్టింది, పుంటికూర పప్పు చేసింది. తిన్నాక ఆరిన బట్టలు మడతపెట్టి, నడిమింట్లో చాప పరచుకుని పడుకుంది. నేను పక్కన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాను. గ్యాసు సిలిండరు అతను వచ్చి వాకిట్లో బెల్లు నొక్కాడు. గట్టిగా, చాలాసేపు నొక్కాడు. ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుంది. నా వైపు చూసి ఏదో అనబోయి పక్కకు ఒరిగిపోయింది. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణం లేదు. ఆమెను ఎత్తి ఆటోలో పడుకోబెట్టింది ఆ సిలిండరు అతనే. అతని తప్పేమీ లేదు. బెల్లు ఉన్నది నొక్కడానికే.

మొన్నటి ఎండాకాలం దాకా మా ఇంటికి బెల్లే లేదు. ఎందుకు లేదో చెప్పాలి.

ఆమె పుట్టిల్లు యరగేర. ఆ ఇంట్లో ఎవరినీ వెనకనుంచి కేకేయరు. పొలం నుంచి వచ్చిన మగవాళ్లు వాకిట్లోనే చిన్నగా దగ్గి లోపలికి వస్తారు. తలుపు కొట్టరు, గొళ్లెం మెల్లగా కదిలిస్తారు. నిద్రపోయేవాళ్లను పేరు పెట్టి లేపరు, పాదం మీద చెయ్యి వేస్తారు. ఆమె చిన్నమ్మ ఒకామె పెళ్లి బరాతులో పక్కన పటాకి పేలగానే కూలిపోయి మళ్లీ లేవలేదట. దిష్టి అనుకున్నారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో చప్పుడు తగ్గింది.

పెళ్లయి వచ్చాక ఆమె ఆ పద్ధతులన్నీ మా ఇంటికి తెచ్చింది. మా అమ్మ ఊరుకునేది కాదు. "నీ పెండ్లాం పిల్లి లెక్క నడుస్తదిరా. ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెల్వది."

"పిల్లినైతే పాలన్న తాగుతుంటి గద అత్తమ్మా," అనేది ఆమె. "మీ ఇంట్ల చాయ్ నీళ్లతోనే సరిపాయె."

శక్తినగర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం చేసినన్నాళ్లు నాకు తెల్లవారుజామునే కంపెనీ బస్సు. మా ఇంట్లో అలారం గడియారం ఉండేది కాదు. ఆమె ముందు లేచి, మొహం కడుక్కుని, ఆ తడి చెయ్యి నా పాదం మీద పెట్టేది. అంతే. నాకు ఒక్కనాడూ బస్సు తప్పలేదు. "నిద్రల ఉన్నోళ్ల మీద గొంతు వేయొద్దు, చెయ్యి వేయాలె" అనేది. పీర్ల పండుగ డప్పులంటే మాత్రం ఆమెకు ఇష్టం. దూరం నుంచి మెల్లమెల్లగా వచ్చే మోతకు భయం లేదనేది. చెప్పకుండా వచ్చేదానికే భయం.

మొన్నటి వేసవిలో నా బామ్మర్ది ఒక పెట్టె తెచ్చాడు. ఇంట్లో కూర్చుని చేసుకునే జన్యు పరీక్ష. గుండె లయ తప్పే జబ్బు వంశంలో ఉందో లేదో చెబుతుందట. గొట్టంలో ఉమ్మి, మూత పెట్టి, పోస్టు చేయాలి.

"ఎంగిలి పంపుడేందిరా?" అంది ఆమె. "తీసుకునేటోళ్లకన్న సిగ్గుండాలె గద."

"ఒక్కసారి తేలిపోతది అక్కా. జిందగీ మొత్తం గిట్ల భయపడుకుంట ఉంటవా?"

ఆమె గ్లాసు పెదవికి ఆనించి నీళ్లు తాగి ఎరగదు. పైకెత్తి పోసుకునేది. ఆ మనిషి గోడవైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని, ఆ గొట్టంలో ఉమ్మింది. తరువాత రెండుసార్లు నోరు పుక్కిలించింది. మా అమ్మాయి చేత కూడా ఉమ్మించి పంపాడు బామ్మర్ది.

కొన్ని వారాలకు ఫోనుకే జవాబు వచ్చింది. ఇద్దరికీ జబ్బు లేదని ఆకుపచ్చ గుర్తు. పక్కన నవ్వుతున్న గుండె బొమ్మ. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "ఇగ మనింటికి గూడ అందరి లెక్క బెల్లు పెట్టిద్దామండి" అంది. కరెంటు పనివాణ్ణి తనే పిలిపించింది. బిగించగానే బయటికి పోయి తనే నొక్కింది. "మా అమ్మ ఉంటే నన్ను కొడుతుండె" అని నవ్వింది.

ఆస్పత్రిలో డాక్టరు నన్ను కూర్చోబెట్టి అడిగాడు. చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు ఆమె పుట్టింట్లో ఉన్నారా అని. ఆమె చిన్నమ్మ సంగతీ, ఆ పెట్టె సంగతీ చెప్పాను. "ఆ పెట్టెవాళ్లు ఇది అడిగిన్రా?" అన్నాడు. అడగలేదు. ఎత్తు అడిగారు, బరువు అడిగారు, పొగ తాగుతారా అని అడిగారు. ఈసీజీ ఎవరూ తీయించమనలేదు.

కొందరి గుండె ప్రతి దెబ్బ తరువాతా తేరుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుందట. అలాంటివాళ్లలో కొందరికి హఠాత్తుగా చప్పుడు వినబడితే లయ తప్పుతుందట. "జన్యువుల్ల తేడా ఎన్నో చోట్ల ఉండొచ్చు. వాళ్లు కొన్ని చోట్లే చూస్తరు. చూసిన కాడ లేదంటే, చూడని కాడ లేనట్టు కాదు," అన్నాడు డాక్టరు. "ఆమెది ఇప్పుడు తేల్చలేం. బతికున్నోళ్లది చూడొచ్చు. అమ్మాయిని తీసుకురండి."

దినాలు కాకముందే ఆమె ఫోనుకు ఆ కంపెనీ నుంచి సందేశం వచ్చింది. మీ గుండె పదిలం, మీ ఆత్మీయులకు కూడా ఈ నిశ్చింతను కానుకగా ఇవ్వండి అని. అదే నవ్వే గుండె. వాళ్లకు ఫోను చేశాను. ఒక అమ్మాయి తేనె పూసిన గొంతుతో మాట్లాడింది. రిపోర్టు సమాచారం కోసమే సార్, చివర రాసే ఉంటుంది అంది. ఖాతా మేడమ్ పేరు మీద ఉంది కాబట్టి ఫిర్యాదు మేడమే చేయాలి, ఒకసారి లైన్లోకి ఇవ్వండి అంది. నా భార్య చనిపోయిందని అప్పటికి రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబుద్ధి కాక పెట్టేశాను. ఆమె ఎంగిలి ఇంకా వాళ్ల దగ్గరే ఎక్కడో ఉంటుంది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

పరామర్శకు వచ్చినవాళ్లు కూడా అదే మాట అన్నారు. "రిపోర్టు మంచిగనే ఉండెనంట గద." బామ్మర్ది అయితే, "సాఫ్ ఉండె బావా. అక్క టైమ్ అయిపోయింది. కంపెనీనేమంటం?" అన్నాడు. నువ్వూ ఈసీజీ తీయించుకో అన్నాను. "నాకేమైంది బావా?" అని చెప్పులేసుకున్నాడు.

ఇది చదివేవాళ్ల ఇళ్లలో కూడా ఉలికిపాటుకు పోయిన చిన్నమ్మో మేనమామో ఉండి ఉంటారు. ముందు వాళ్ల సంగతి డాక్టరుకు చెప్పండి. నేను అడిగేది అంతే.

నిన్న సాయంత్రం అమ్మాయితో ఆస్పత్రి మాట ఎత్తాను. డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది.

"నాకు గూడ పచ్చనే వచ్చె గద నాయినా. మళ్ల పరీక్ష ఏంది?"

"మీ అమ్మకూ పచ్చనే వచ్చింది."

అమ్మాయి తల వంచుకుని చెప్పింది. "అమ్మ ఉన్నప్పుడు ఒకసారి కాలేజీ కాడ ఎనకనుంచి లారీ హారన్ కొట్టింది. కండ్లు చీకట్లు వచ్చినయి. గోడ పట్టుకొని నిలబడ్డ. అమ్మ పరేషాన్ అయితదని చెప్పలే."

లేచి వెళ్లి బెల్లును తీగతో సహా పీకేశాను. గోడకు రెండు రంధ్రాలు మిగిలాయి.

డాక్టరు రేపు పొద్దున్నే రమ్మన్నాడు. అమ్మాయికి తొందరగా లేచే అలవాటు లేదు, ఫోన్లో అలారం పెట్టుకుంటానంది. వద్దన్నాను. రేపు నేను ముందు లేస్తాను. మొహం కడుక్కుని, చెయ్యి తుడుచుకోకుండా, పేరు పెట్టి పిలవకుండా, దాని పాదం మీద చెయ్యి వేస్తాను.