బందరు దాకా వెళ్ళి బస్సు దిగని మనిషి

శివపార్వతి పోయిన రోజు పొద్దున బాగానే ఉంది. రెండు గుటకలు కాఫీ తాగింది. కిటికీ రెక్క తీయమంది, తీశాను. మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఏం రాశారో చదవమంది, చదివాను. మధ్యాహ్నం ఆయాసం ఎక్కువైంది. నరసరావుపేట ఆసుపత్రికి బయలుదేరాం. దారిలోనే చేయి చల్లబడింది.

ఆ పొద్దున నేను చదివి వినిపించింది హనుమంతరావు మెసేజి. అప్పట్లో మా క్లాసు లీడరు, ఇప్పుడు ఊళ్ళో పెద్దమనిషి. అప్పటి ఎక్స్‌కర్షన్ మళ్ళీ వేద్దాం, అవే కోటలు, అదే బందరు, గైడుతో సహా అంతా మాట్లాడేశాను, ఈసారి లేడీస్‌కి సముద్రంలో దిగడానికి ఫుల్ పర్మిషన్ అని రాశాడు. పక్కన నవ్వే బొమ్మలు.

"పర్మిషనంట" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "నువ్వు పో బావా. నా సీట్లో కూచో. దిగమాక" అంది.

తర్వాత మంచినీళ్ళు అడిగింది. అంతే.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆమె నా భార్య. అంతకుముందు మేనమామ కూతురు. అదే బడి, అదే క్లాసు.

మేం పదో తరగతిలో ఉన్నప్పుడు... ముప్పాళ్ళ దగ్గర మా ఊరి నుంచి ఇంకా తెల్లారకముందే బస్సు కదిలింది. క్యారియర్లలో పులిహోర, పెరుగన్నం. శివపార్వతి ఒళ్ళో వాళ్ళమ్మ ఇచ్చిన ఇత్తడి మరచెంబు. మూత ఎంత బిగించినా గతుకు వచ్చినప్పుడల్లా నీళ్ళు చిమ్మి పరికిణీ తడిసేది.

కృష్ణ దాటాక జమీందారుల కోటలు రెండు చూపించారు. ఒక ముసలి గైడు కర్రతో గోడలు చూపిస్తూ ముందు నడిచాడు. రాణీవాసంలో చెక్క జాలీ కిటికీ దగ్గర ఆగాడు. రాణిగారు ఊరేగింపులన్నీ ఇందులోంచే చూసేవారట.

"కిందకి దిగి చూస్తే ఏందంట?" అని అడిగింది శివపార్వతి.

"రాణులు దిగరమ్మా" అన్నాడు గైడు. అందరూ నవ్వారు. ఆమె జాలీకి కన్ను ఆనించి చాలాసేపు చూసింది.

సాయంత్రానికి బందరు. సముద్రం కనపడగానే బస్సంతా అరుపులు... మాస్టారి కంటే ముందు హనుమంతరావు లేచాడు.

"ఆడపిల్లలు దిగమాకండి. తడిసిన బట్టలతో ఊళ్ళోకొస్తే మీ ఇళ్ళల్లో తిట్లు మాకు. మా చెప్పులు చూస్తా కూచోండి."

మాస్టారు అదీ నిజమే అన్నట్టు తల ఊపారు. మగపిల్లల చెప్పులన్నీ సీట్ల మధ్య కుప్పగా పడ్డాయి.

నేను నావి విప్పబోతుంటే శివపార్వతి నా వైపు చూసింది.

"నీవి నీ కాళ్ళకే ఉంచుకో బావా. ఇక్కడ పెట్టావంటే కిటికీలోంచి ఇసిరేస్తా."

చెప్పులతోనే నీళ్ళలోకి వెళ్ళాను. మొదటి అలకే ఒకటి కొట్టుకుపోయింది. ఒంటి చెప్పుతో కుంటుతూ బస్సు దగ్గరికి వస్తుంటే కిటికీలో ఆమె పగలబడి నవ్వింది. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోటో తీశారు.

ఆ ఫోటోనే ఇప్పుడు హనుమంతరావు అందరికీ పంపుతున్నాడు... 'సముద్రాన్ని చూసి మురిసిపోతున్న మా శివపార్వతి' అని.

కాదు. ఆమె చూస్తున్నది నా కాళ్ళను.

పెళ్ళయ్యాక ఎన్నోసార్లు సముద్రానికి తీసుకెళ్ళాను. ఒకసారి సూర్యలంకలో బతిమాలాను కూడా. "దిగవే. ఇక్కడ మనల్ని ఎవరు చూస్తారు?"

"చూస్తారని కాదు. వద్దన్నోడు తప్పయిందని ఒక్క మాట అనాల. అప్పుడు దిగుతా."

కారు అద్దం దించుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. నీళ్ళంటే భయమేమీ లేదు. ఎత్తిపోతల జలపాతం దగ్గర అందరికంటే ముందు మెట్లు దిగి, తుంపర్లకు మొహం ఒడ్డి నిలబడింది.

పెద్దకర్మ అయ్యాక హనుమంతరావు ఇంటికి వచ్చాడు. ఫోన్లో ఫ్లెక్సీ డిజైను చూపించాడు. అదే నవ్వు, చుట్టూ పూలు.

"ఒరేయ్ శేషగిరీ, మన శివపార్వతి పేరు మీదే పెడతన్నాం టూరు. ఇంట్లో కూచుంటే ఏమొస్తదిరా. వచ్చి రెండు మునకలెయ్. మనసు తేలికవుద్ది."

"ఆ రోజు ఆమె బస్సులోనే కూర్చుంది. గుర్తుందా?"

"ఆడపిల్లలంతా కూచున్నారు. ఇప్పుడదొక విషయమా? చానా చిన్నది."

"చిన్నదైతే ఒక మాట అను. తప్పయిందని. ఆ ఫ్లెక్సీ మీద అదే రాయించు."

టీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు బాధలో ఉండావు. నేనేం అనుకోనులే" అన్నాడు.

తప్పు చేసినవాడే నన్ను క్షమించి లేచాడు. గుమ్మం బయట చెప్పులు వేసుకుంటూ, "ఆరింటికల్లా బడి కాడుండు. లేటు చేయమాక" అని గుర్తు చేశాడు.

ఇప్పుడు రోజులు వేరు. మా వీధి అమ్మాయిలు వాళ్ళలో వాళ్ళే కారు మాట్లాడుకుని బీచికి వెళ్ళొస్తారు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఫోటోలు పెడతారు. వాళ్ళను ఎవరి చెప్పులూ చూడమని ఎవరూ అనరు. మంచిదే. మా రోజుల్లో అది లేదు...

మీలో అప్పట్లో బస్సులోనే కూర్చున్నవాళ్ళు ఉంటే కింద రాయండి. నీళ్ళలో దిగినవాళ్ళు రాయనక్కర్లేదు. మీ మధురస్మృతులు వారం రోజులుగా గ్రూపులో చదువుతూనే ఉన్నాను.

హనుమంతరావూ, ఇది నువ్వూ చదువుతావని తెలుసు. రేపు పొద్దున ఆరింటికి బడి దగ్గరికి వస్తాను. ఆమె కూర్చున్న వైపే, కిటికీ పక్కన, మరచెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. కోటలు చూస్తాను. బందరులో మీరంతా దిగుతారు. నేను దిగను.

మీ చెప్పులు మాత్రం నా దగ్గర పెట్టకండి.