ఆర్ నొక్కితే రేపల్లె

వెబ్ పేజీలకి హంగులద్దే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్కులు కొత్తగా వస్తున్న రోజులవి. నాకు ఇరవై మూడేళ్లు, ఒళ్లు తెలియని ఉత్సాహం. తెనాలిలో ఒక పార్సిల్ ఆఫీసుకి బుకింగ్ పేజీ తయారుచేసే పని దొరికింది. అదే నా మొదటి పని. పేజీ వచ్చాక కూడా కౌంటర్ దగ్గర క్యూ తగ్గకపోతే మళ్లీ చేత్తో రాసే కార్బన్ పుస్తకాలే అని ఓనరుగారు ముందే చెప్పేశారు. నేనేమో అప్పటికే సగం ఊరికి గొప్పలు చెప్పుకుని ఉన్నాను.

కౌంటర్లో కూర్చునే అక్క టైపు హయ్యర్ పాసైన మనిషి. ఫోను ఎడమ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని టకటకా కొట్టేది. మొదటిరోజు ఆమెకి నమూనాగా ఒక పేజీ చూపించాను. అందులో ఊళ్ల జాబితాకి బ్రౌజరు తనంతట తానే ఇచ్చే మామూలు పెట్టె పెట్టాను. ఆర్ నొక్కితే రేపల్లె, సి నొక్కితే చెరుకుపల్లి, పి నొక్కితే పిట్టలవానిపాలెం. ఆమె బాగుందంది. నాకే నచ్చలేదు. ఆ బూడిదరంగు పెట్టెని చూసి నన్నెవరైనా ఇంజినీరంటారా?

మూడు వారాలు ఫ్రేమ్‌వర్కుతో కుస్తీ పట్టాను. జాబితా ఇప్పుడు నీలిరంగులో మెల్లగా జారుతూ దిగేది. మౌస్ పెడితే ఊరిపేరు మెరిసేది. ఇంట్లో దాన్ని దించుతూ, ఎక్కిస్తూ నాలో నేనే నవ్వుకునేవాణ్ణి.

ప్రారంభం రోజు అక్క ఆర్ నొక్కింది. ఏమీ కాలేదు, నా కొత్త జాబితా మౌస్‌కి తప్ప దిగదు. మళ్లీ నొక్కింది. మౌస్ అందుకోబోతే ఫోను జారి ఒళ్లో పడింది. జాబితా తీరుబడిగా దిగుతుండగా క్యూ గుమ్మం దాటిపోయింది. ఓనరుగారు లేచి బీరువాలోంచి కార్బన్ పుస్తకం తీశారు.

"చూడ్డానికి బాగుంది తమ్ముడూ," అంది అక్క. "ఆ మొదటిదాన్ని ఏం చేశావు?"

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అక్కడే కూర్చుని నా ఫ్రేమ్‌వర్కంతా చెరిపేశాను. విచిత్రంగా, ఒక్కో వరుసా పోతుంటే బరువు దిగినట్టయి నవ్వొచ్చింది. పాత పెట్టె మళ్లీ పెట్టాను. అక్క తెర వైపు చూడకుండానే ఆర్ కొట్టింది, రేపల్లె. బి కొట్టింది, బాపట్ల. టీ వచ్చేలోపు క్యూ కరిగిపోయింది. నాకు అక్కడే గెంతులు వేయాలనిపించింది.

ఓనరుగారు పుస్తకాన్ని బీరువాలో పెట్టేసి, దీనికి ఎన్నాళ్లు పట్టిందని అడిగారు.

నేను నోరు తెరిచేలోపు అక్క ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, ముఖంలో నవ్వు కనబడనీయకుండా చెప్పింది.

"మూడు వారాలండి. చాలా కష్టపడ్డాడు."