సైరన్ కూసేదాకా చూసిన సినిమా

కాలేజీలో చదివే రోజుల్లో, బెల్లంపల్లిలో నేనెక్కిన రైల్లో ఆడవాళ్ల పెట్టెలో ఒకామె నా ఎదురుగా కూర్చుంది. ఒళ్లో బట్టల మూట. నా చేతిలోని సినిమా పాటల పుస్తకం చూసి, "చెల్లె, గీ సినిమా చూసినవా?" అని అడిగింది.

చూశాను. పేదరాశి పెద్దమ్మ కథల్లో రాకుమారి పోగొట్టుకున్న కాలి అందెను అందులో కాలేజీ పిల్ల చెప్పుగా మార్చారు. హీరో ఆ ఒంటి చెప్పు పట్టుకుని సైకిల్ మీద హాస్టళ్ల చుట్టూ తిరుగుతుంటే హాలంతా ఒకటే నవ్వు.

"ఆఖరికి గా పిల్ల దొరికిందా? మ్యాట్నీకి మూడుసార్లు పోయిన. సగంల షిఫ్టు దిగే సైరన్ కూసేది. మా ఆయన బాయిలకెల్లి వచ్చెవరకు నీళ్లు కాగాలె గద, లేసి ఉరికేదాన్ని."

"నాలుగోసారి పోవాల్సింది అక్కా."

"పోయిన. గానాడు సైరన్ యాళ్లగాని యాళ్ల కూసింది."

బొగ్గుబాయి సైరన్ వేళ తప్పి కూస్తే లోపల ప్రమాదం జరిగినట్టని నాకూ తెలుసు. అప్పుడు చూశాను ఆమె మెడ వైపు. నల్లపూసలు లేవు.

ఆ పిల్ల దొరికిందనీ, చెప్పు సరిపోయిందనీ, పెళ్లి కూడా అయిందనీ చెప్పాను. ఆమె చివరిదాకా విని, "మంచిగైంది" అంది.

మందమర్రి దగ్గర ఏదో బాయి సైరన్ కూసింది. ఆమె మూట చంకన పెట్టుకుని గబుక్కున లేచి నిలబడింది. కదిలే రైల్లో అలాగే కాసేపు నిలబడి, మెల్లగా మళ్లీ కూర్చుంది.