రాణిగారి బిరుదు, నా సొట్టగిన్నె

"అమ్మా, పక్క ఫ్లాటాయనకి ఇంగ్లండు రాణిగారు ‘సర్’ బిరుదిచ్చారు. సొట్టగిన్నెలో ఉప్మా ఇచ్చొచ్చావా? అలాంటి దొరలకి నౌకర్లుంటారు!" అంది మా అమ్మాయి.

"చెత్తసంచి తనే మోసుకెళ్ళే దొరకి నౌకర్లెక్కడే? రాణి బిరుదిచ్చింది గానీ, వండిపెట్టే మనిషినిచ్చిందా?" అన్నాను.

బహ్రెయిన్‌లో, హూరా అనే పేటలో అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. అందరూ డ్యూటీలకు పోతే పగలంతా పలకరించే దిక్కుండదు. పక్క ఫ్లాటులోని ముసలి ఇంగ్లీషాయనదీ అదే బతుకు.

ఇంతలో ఎవరో తలుపు తట్టారు. అమ్మాయి తీసేసరికి, కడిగిన గిన్నెతో ఆయనే నిలబడి ఉన్నాడు. మా కేకలేమిటని అడిగితే సిగ్గుపడుతూనే చెప్పింది.

"బిరుదు నాకొచ్చాక, దానివల్లే నా భార్యని అందరూ ‘లేడీ’ అనేవారు. ఆమె పోయాక మా ఇంట్లో ఆ పిలుపు లేదు" అన్నాడట. అమ్మాయి తెలుగులో చెబుతుంటే, ఆయన చేతిలోంచి గిన్నె అందుకున్నాను. మా ఆయన పోయాక నన్నూ పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు.

మర్నాడు పొద్దున అదే సొట్టగిన్నెలో ఉప్మా పట్టుకెళ్ళాను. ఆయన బల్ల దగ్గర రెండో కుర్చీ వేశాడు.