ఆగి లేచే ఎడమకాలు

మా స్టూడియోలో ఆమెను అందరం మధ్యక్క అంటాం. పెద్ద ఆర్టిస్టు ఒక కదలికకు మొదటి బొమ్మా చివరి బొమ్మా గీసి చేతులు దులుపుకుంటాడు. ఆ రెంటి మధ్యా కావలసిన బొమ్మలన్నీ ఈమె గీస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. తెర మీద పేరు ఆయనకు, మెడనొప్పి ఈమెకు.

అక్కకు ఒక పట్టుదల ఉంది. కళ్లారా చూడనిది గీయదు. బరువు మోసే మనిషిని గీయాలంటే ముందు నిండు బకెట్ పట్టుకుని వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తుంది, లేదా నన్ను నడిపిస్తుంది. నేను రంగులు వేసేదాన్ని. "కాస్త ఒళ్లు వంచు రంగులమ్మా, కూర్చుని కూర్చుని దిండులా తయారయ్యావు" అంటూ నా చేత మోయించిన బకెట్లకు లెక్కలేదు.

అప్పుడు మేం చేస్తున్నది పన్నెండు నిమిషాల బొమ్మల సినిమా. పిల్లలది కాదు, పెద్దవాళ్లది. గాలి అయిపోతున్న ఒక గ్రహం మీద మిగిలిపోయిన మనుషుల కథ. దర్శకుడు నాకు మూడే రంగులిచ్చాడు: ఎర్రమన్ను, మసి, ఎముక తెలుపు. నీడలు మనుషులకన్నా పెద్దవిగా ఉండాలన్నాడు. సెకనుకు ఎనిమిది బొమ్మలు చాలు, ఊపిరందని వాళ్ల కదలిక కుదుపుగానే ఉండాలన్నాడు. అందులో ఒకమ్మాయి వీపున గాలి సిలిండర్ మోస్తూ నలభై సెకన్ల పాటు ఎడారి దాటుతుంది. తలకు హెల్మెట్, ముఖం కనపడదు, మాట లేదు. ఆమె ఎవరో నడక ఒక్కటే చెప్పాలి.

ఆ అమ్మాయికి అక్క తన చెల్లెలి నడక ఇచ్చింది.

చెల్లెలికి పుట్టుకతోనే ఎడమకాలు పొట్టి. అడుగు వేసే ముందు ఆ కాలు ఒక్క క్షణం ఆగి, ఆలోచించుకున్నట్టుగా ఉండి, అప్పుడు లేచేది. ఎనిమిదేళ్ల కిందట బస్సు తప్పిపోయిన కోపంలో అక్క ఒక మాట అన్నది: "నీతో బయల్దేరితే నేనెక్కడికీ వేళకు చేరను." మర్నాడు పొద్దున ఆ పిల్ల ఒంటరిగా బయల్దేరింది. మళ్లీ రాలేదు. పోలీసులకు చెప్పారు, ఆసుపత్రులు తిరిగారు, గోడలకు ఫొటోలు అంటించారు. కబురు లేదు. నోరు జారితే తీసుకోలేం అంటారు, అక్క ఆ మాటను ఎనిమిదేళ్లుగా మింగుతూనే ఉంది.

వాళ్లమ్మ మాత్రం ఏడవలేదు. "కుంటికాలు తల్లీ దానిది. ఎంత దూరం పోయిందో ఏమో, మెల్లగా వస్తోంది" అనేది నాతో. గుమ్మం లోపల ఒక చిన్న పీట వేసి ఉంచింది. చిన్నది రాగానే కూర్చుని, పొట్టికాలికి తొడిగే మందపు అడుగు బూటు పట్టీలు విప్పుకోవడానికి. ఆ పీటకు కాలు తగలని చుట్టం లేడు. నేను రెండుసార్లు బోర్లా పడబోయాను. తియ్యనిచ్చేది కాదు.

అక్క ఆ ఎడారి నడక బొమ్మలు, హెల్మెట్‌తో సిలిండర్‌తో సహా, పదహారు కాగితాల కట్టగా కుట్టి అమ్మకిచ్చింది. బొటనవేలితో చకచకా తిప్పితే బొమ్మ నడుస్తుంది. మొదటిరోజు అమ్మ తిప్పి చూసి, "అదిగో నా చిన్నది" అని ఊరుకుంది. ఆనాటి నుంచి ఆ కట్ట తలగడ కిందే.

సినిమా సగానికి పైగా అయ్యాక దాన్ని నెట్‌లో ప్రదర్శించే కంపెనీవాళ్లు చూశారు. కుదుపు ఎక్కువగా ఉంది, జనం నెట్ ఆగిపోయిందనుకుంటారు, సెకనుకు ఇరవైనాలుగు బొమ్మలతో నున్నగా సాగాలి అన్నారు. దర్శకుడు నెల రోజులు పోట్లాడి ఓడిపోయాడు. కంప్యూటర్ చేత మధ్య బొమ్మలు పుట్టించారు. అన్నీ కుదిరాయి, ఆ ఎడారి నడక తప్ప. ఆగి లేచే కాలు దానికి అర్థం కాలేదు. పాదాన్ని మైనంలా కరిగించేసింది. చేత్తో సరిచెయ్యమని అక్కకే అప్పగించారు.

అక్క ఇరవైనాలుగు బొమ్మల్లోనూ ఆ ఆగడం నిలబెట్టాలని చూసింది. ఒకే భంగిమను ఆరుసార్లు గీసింది. "ఇక్కడ బొమ్మ ఇరుక్కుంది" అని వెనక్కి పంపారు. మూడుసార్లు పంపారు. నాలుగోసారి అక్క దర్శకుడి గదిలోకి వెళ్లింది. నేనూ వెనకే ఉన్నాను.

"ఈ నలభై సెకన్లు వదిలెయ్యండి సార్. మీ కాళ్లు పట్టుకుంటాను."

"నా చేతుల్లో ఏముందమ్మా? అంతా నున్నగా సాగి ఇదొక్కటే ఆగితే చూసేవాళ్లు తప్పనుకుంటారు."

"తప్పు కాదు సార్. అది దాని నడక."

ఆయన తల దించుకున్నాడు. మంచివాడే, ఏం లాభం?

మర్నాడు అక్క బకెట్ నింపి వరండాలో నడిచింది. నన్ను ఫోన్‌లో తీయమంది. "నా కాళ్లకేం, బాగానే ఉన్నాయి. నావే ఇస్తాను దానికి" అంది. నడుస్తున్నంత సేపూ కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి, బకెట్‌లోంచి మాత్రం చుక్క ఒలకలేదు. ఆ నడకే గీసింది. ఎవరూ వెనక్కి పంపలేదు.

ఇక్కడి నుంచి తప్పంతా నాది. నా నోట్లో నువ్వుగింజ నానదు. సినిమా విడుదలైన వారానికి వాళ్లింటికి వెళ్లాను. మధ్యాహ్నం. అక్క మందుల షాపుకు వెళ్లింది. ఆమె వచ్చేదాకా ఊరుకుంటే పోయేది. "సినిమా వచ్చేసింది పిన్నీ, చూశారా?" అన్నాను. అక్క ఇంట్లో చెప్పలేదని నాకు తెలియదు. ఫోన్ తీసి ఎడారి నడక పెట్టాను.

ఆవిడ చూసింది. మళ్లీ పెట్టమంది. మూడోసారి చూశాక తలగడ కింది కట్ట తీసి తిప్పి, పక్కన పెట్టింది.

"ఇది మా పెద్దది గీసిందేనా?"

"ఆవిడే పిన్నీ."

"కళ్లారా చూడంది అది గీయదు కదా."

"ఛస్తే గీయదు" అన్నాను, గొప్పగా.

"అయితే దాని కాలు బాగయిందన్నమాట."

కంపెనీవాళ్ల సంగతి, కంప్యూటర్ సంగతి, బకెట్ సంగతి అన్నీ గబగబా చెప్పాను. ఆ నడక అక్కదే అన్నాను. ఆవిడ తల ఊపుతూ విన్నది, అబద్ధం చెప్పే చిన్నపిల్ల మాట విన్నట్టు.

"నన్ను మభ్యపెట్టకు తల్లీ. నడవలేక రాలేదనుకున్నాను ఇన్నాళ్లూ. ఇంత చక్కగా నడుస్తూ కూడా రాలేదంటే, ఇక రాదు." "ఆ పీట తీసి మంచం కిందికి తోసెయ్. దారికి అడ్డం" అంది.

తోశాను. ఈ చేతులతోనే తోశాను.

అక్క వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, పీటను తప్పించుకునే అలవాటు కొద్దీ కాలు పక్కకి ఎత్తింది. పీట లేదు. ఎత్తిన కాలు అలాగే ఆగింది. అమ్మ మంచం మీద నుంచి, కోపమేమీ లేకుండా అడిగింది.

"ఎక్కడ చూశావే దాన్ని? నాతో చెబితే ఏం పోయేది?"