సింకు గొట్టంలో చందమామ

చేతులు వణకడం మొదలైనవాడికి లోకం చేసే మర్యాద ఒకటుంది. మెత్తటి కుర్చీ వేసి కూర్చోమంటుంది. రెడీ మాస్టారికీ అదే జరిగింది. ఎవరి ఫోటో తీసినా నొక్కేముందు గొంతెత్తి "రెడీ!" అంటారు గనక వీధి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. స్టూడియో ఆయన పెట్టిందే. ఆయన దగ్గర పని నేర్చుకున్న బావమరిది ఇప్పుడు దాన్ని నడుపుతున్నాడు. ఓ పెళ్లిలో మాస్టారు తీసిన ఫోటోలన్నీ చెదిరిపోయి వచ్చాయి. మర్నాడే కౌంటరు వెనక కొత్త కుర్చీ వెలిసింది, దిండుతో సహా.

"నువ్వు హాయిగా కూర్చుని రసీదులు రాయి బావా. తిరుగుడంతా నేను చూసుకుంటా" అన్నాడు బావమరిది.

రసీదులు రాసేటప్పుడు మాత్రం చేతులు వణకవా ఏం! మాస్టారికి ఒళ్లు మండింది. ఆ కుర్చీని తాకను కూడా తాకకుండా స్టూడియోలోని పాత కెమెరా భుజాన వేసుకుని ఇంటికొచ్చేశారు. ఫోటో లైట్లకి పెట్టే తన గొడుగులు రెండూ అమ్మేసి, ఆ డబ్బుతో మూతపడిన ఓ ట్యూషన్ సెంటరు నుంచి పొడుగాటి టెలిస్కోపు తెచ్చుకున్నారు.

"మనుషుల్నే తియ్యలేకపోతుంటే చందమామనా?" అంది భార్య.

"మనుషుల్ని తియ్యనివ్వడం లేదుగా. చందమామకైతే బావమరిది లేడు."

టెలిస్కోపుకి కెమెరా తగిలించాలంటే మధ్యలో అడాప్టరు కావాలి. మీ కెమెరాకి సరిపడేది ఇప్పుడు రాదన్నాడు దుకాణంవాడు. రాకపోతే మానె! లెన్సు తీసేశాక కెమెరా నోటికి పెట్టే ప్లాస్టిక్ మూతకి మాస్టారు నడిమధ్య బెజ్జం చేశారు. అందులో అతికించడానికి వంటింటి సింకు కింది గొట్టం అచ్చంగా సరిపోయింది. ఊడదీశారు. సింకు కింద బకెట్ పెట్టుకుని గిన్నెలు తోమిన భార్య ఏమేం అందో ఇక్కడ రాయడం మర్యాద కాదు. గొట్టం టెలిస్కోపులో కాస్త వదులుగా ఉంటే పాత ఫిల్మ్ నెగెటివ్‌లు చుట్టి బిగించారు. ఎవరి పుట్టినరోజో ఏమో, అందులో ఇరుక్కుపోయింది.

అన్నీ కుదిరాయి, చందమామ ఒక్కటే మసక. టెలిస్కోపు ఫోకస్ మరను చివరిదాకా తిప్పినా తేటపడలేదు. కెమెరా ఇంకాస్త లోపలికి పోవాలి, పోవడానికి చోటు లేదు. ఇక మిగిలింది టెలిస్కోపు అడుగు కోసేసి లోపలి అద్దాన్ని పైకి జరపడమే. సరిగ్గా అప్పుడే బావమరిది ఫోన్ చేశాడు.

"కెమెరా ఊరికే పడుందిగా బావా. వచ్చేవారం పెళ్లికి రెండోది కావాలి. ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్తా."

అది పోతే ఇక కుర్చీయే గతి. మాస్టారు రంపం తీశారు.

"కోత వంకర పోతే మొత్తం పోతుందండీ" అంది భార్య, టెలిస్కోపుని గట్టిగా పట్టుకుంటూనే.

"పోనీ. కూర్చుని పోగొట్టుకోవడం కన్నా నయం."

రంపానికి ఎలాగూ ఆడే చెయ్యే కావాలి.

ఆదివారం సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే, డాబా మీద సగం చందమామ కెమెరా తెరలో నిలబడ్డాడు. ఒక్కో గుంట, ఒక్కో గట్టు విడివిడిగా కనిపిస్తున్నాయి. మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో బావమరిది మెట్లెక్కి వచ్చాడు.

"ఇంక ఇచ్చెయ్ బావా, నాకు అవతల పనుంది."

"నా చేతిలో లేదుగా. నువ్వే తీసుకో."

బావమరిది కెమెరా పట్టుకున్నాడు. తెరలో చందమామ ఎగిరిపడ్డాడు. పట్టు బిగించినకొద్దీ ఇంకా గిలగిలలాడాడు.

"ఎందుకిలా ఊగుతోంది?"

"నువ్వు పట్టుకున్నావు కాబట్టి. అంత దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి లాగితే ఎవడి వణుకు వాడికి కనిపిస్తుంది. నీది ఇన్నాళ్లూ నీకు కనపడలేదు, అంతే."

బావమరిది చప్పున చేతులు తీసేశాడు. చందమామ కుదుటపడ్డాడు. మాస్టారు టైమరు నొక్కి, చేతులు వెనక్కి కట్టుకుని, "రెడీ!" అన్నారు. పాత అలవాటు కొద్దీ బావమరిది కూడా ఊపిరి బిగబట్టాడు. కెమెరా క్లిక్కుమంది.

తీసిన ఫోటోని అతను కెమెరా ముట్టుకోకుండానే వంగి చూశాడు. కెమెరా మాట మళ్లీ ఎత్తలేదు.

"వచ్చేవారం పెళ్లికి నేను వస్తున్నా. స్టాండు మీద పెట్టి తీస్తా" అన్నారు మాస్టారు.

"ఆ జనంలో స్టాండంటే... ఎవరు మోస్తారు బావా?"

"నువ్వే. అలిసిపోతే కూర్చోడానికి ఆ కుర్చీ కూడా తెచ్చుకో."